ఓడలో స్త్రీలు: ఒక విచారణ, రెండు పుస్తకాలు

సముద్రం మీది స్త్రీల చరిత్ర అనగానే మగవేషంలో ఓడెక్కిన జాన్ బారే, కత్తి పట్టిన ఆన్ బానీ, మేరీ రీడ్ గుర్తుకొస్తారు. ఆ సాహసగాథలు చదవడానికి బాగానే ఉంటాయి. కానీ 19వ శతాబ్దంలో సముద్రం దాటిన వేలాది భారతీయ స్త్రీలు ఏ వేషమూ వేయలేదు. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఒంటిమీది గుర్తులు రాయించుకుని చెరకుతోటల కూలీలుగా వెళ్ళారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడలోని 342 మందిలో తెలుగువారూ ఉన్నారు, స్త్రీలూ ఉన్నారు.

వెరీన్ షెపర్డ్ రాసిన ‘మహారాణీస్ మిజరీ’ (2002) అటువంటి ఓడ గురించే. 1885లో కలకత్తా నుంచి బ్రిటిష్ గయానాకు బయలుదేరిన ఆలన్‌షాలో మహారాణి అనే యువతి నడిసముద్రంలో మరణించింది. నావికులు తనను చెరిచారని తోటి ప్రయాణికురాళ్ళు మూర్తి, మొహదయలకు చెప్పుకుంది. ఓడ చేరాక విచారణ జరిగింది. నేరం ఎవరిమీదా రుజువు కాలేదు. నావికులు స్త్రీల జోలికి పోరాదన్న నిబంధన కాగితం మీద ఉండనే ఉంది. ఆ స్త్రీల బాగోగులు చూడవలసిన ఓడవైద్యుడికి ప్రతిఫలం, ప్రాణాలతో ఒడ్డు చేర్చిన తలకింత చొప్పున! షెపర్డ్ చేసిన మేలు, ఆ వాఙ్మూలాలను పుస్తకంలోనే అచ్చువేయడం. రచయిత్రి తీర్పును పాఠకుడు వాటితో సరిచూసుకోవచ్చు.

గయూత్రా బహాదూర్ ‘కూలీ ఉమన్’ (2013)ది వేరే దారి. 1903లో గర్భవతిగా, ఒంటరిగా క్లైడ్ ఓడెక్కిన తన ముత్తవ్వ సుజారియాను వెతుకుతూ, దస్తావేజు మౌనం వహించిన చోటల్లా ఆమె ప్రశ్నలు వేస్తారు. వరుసగా, ఊపిరి తిప్పుకోనివ్వకుండా. కల్పనకు దిగకుండా నిలవరించుకునే పద్ధతిగా దాని మీద నాకు గౌరవమే. అయితే ప్రశ్న కూడా సూచనే. ఆమె ఇల్లు విడిచి పారిపోయిందా అని అడిగితే చాలు, పాఠకుడి మనసులో ఆమె అప్పటికే పారిపోయి ఉంటుంది. ఓడ కొందరికి చెరసాల అయితే కొందరికి విడుదల కూడానన్న బహాదూర్ వాదన విలువైనదే. కాని ఆ వాదనకు ప్రశ్నలకన్నా సాక్ష్యమే బలం.

రెండూ పక్కపక్కన పెట్టి చదివితే నన్ను నిలిపింది మూర్తి, మొహదయ. అప్పుడే ఓడ దిగిన కూలీలు, ఆ ఓడ నావికుల మీదే చెప్పారు. ఆ మాటలు దుబాసీ నోట పడి, గుమాస్తా కలంలో ఇంగ్లీషయ్యాయి. అంత వడపోత తర్వాత కూడా వాటిలో చనిపోయిన స్నేహితురాలి ఫిర్యాదు చెరిగిపోలేదు.