మూసీ వెల్లువ - స్మృతికావ్యము

భాగ్యనగరమున అఫ్జల్‌గంజ్ చెంత ఉస్మానియా వైద్యశాల యావరణమునందొక చింతచెట్టు ప్రసిద్ధము. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి నగరమును ముంచినపుడు సుమారు 150 మంది దాని కొమ్మలెక్కి ప్రాణములు దక్కించుకొనిరందురు. ఆ తేదీని పౌరులు చెట్టుక్రింద చేరి మృతులను స్మరించుట యిటీవలి యాచారము. ఇందొక వింత కలదు. చెట్టు కాచినవారికి లెక్క యున్నది; నది కొనిపోయినవారికి లేదు. 15,000 అని సామాన్యముగా జెప్పుదురు. పేరు లేని యింతమందికి స్మృతికావ్యము వ్రాయుట యెట్లు? ఈ ప్రశ్న నెదుర్కొన్న హైదరాబాదు కవులలో నిరువురి రచనలు విమర్శకు మిక్కిలి తగియున్నవి. ఒకరు వెల్లువలో మునిగి తేలినవారు. మఱొకరు వెల్లువ తీసినపిదప సేవకు దిగినవారు.

మొదటివారు ఉర్దూ రుబాయీలకు పేరొందిన అమ్జద్ హైదరాబాదీ. ఆనాడాయన తల్లియు, భార్యయు, కుమార్తెయు నీటిపాలైరి. ఆయన యొక్కరే మిగిలిరి. ఆ శోకమునుండి పుట్టిన కావ్యమునకు 'ఖయామతె సుగ్రా' యని పేరు. దీనిని 'చిన్న ప్రళయ' మని తెనిగించి యూరకుండుట చాలదు. ఇస్లాము మతశాస్త్రమున లోకాంతమున వచ్చునది మహాఖయామతు. ఒక్కొక్క ప్రాణి మరణము వానికి చిన్న ఖయామతు. కావున నీ పేరున రెండర్థములు పెనగొనియున్నవి. నగరమంతయు మునిగినను నది కడపటి ప్రళయముతో బోల్చిన చిన్నదియే; ఒక్కనికి తల్లి పోయినను నది ప్రళయమే. మూసీ పరీవాహమున 788 చెరువులుండగా 221 తెగినవని విశ్వేశ్వరయ్యగారు లెక్క చెప్పిరి. ఆ లెక్క యింజనీరునకు గావలసినది. కవికి గావలసిన లెక్క మూడే.

రెండవవారు సరోజినీనాయుడు. వరదబాధితులకు జేసిన సేవకుగాను ఆమెకు కైజరె హింద్ పతకము వచ్చెను. 1905 నాటి 'గోల్డెన్ థ్రెషోల్డ్' సంపుటమున ఆమె హైదరాబాదు సంధ్యను వర్ణించుచు నదిని, వంతెనను, నగరద్వారమును ముచ్చటగా జూపియుండెను. మూడేండ్లకు ఆ నదియే అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలను ధ్వంసము చేసెను, పురానాపూలు నిలిచెను. వెల్లువ పిదప 1912లో వెలువడిన 'బర్డ్ ఆఫ్ టైమ్' సంపుటమున వరద పేరిట ఖండిక యొక్కటియు గానరాదు. నగరగీతములున్నవి, అందు జాలక గవాక్షమును, అంగళ్లును గలవు. ఒక యాంగ్లేయ మిత్రురాలికి స్మృతిగీతము గలదు. వర్షము వేడుచు నింద్రునకు స్తోత్రము సయితము గలదు! నీట మునిగిన వీధులలో దిరిగినవారి గ్రంథమున నీ స్తోత్రమును జదువునపుడు పాఠకుడొకింత తొట్రుపడక మానడు. 1917 నాటి 'బ్రోకెన్ వింగ్' నందలి స్మృతిపద్యములలో నొకటి వెల్లువనాటి ప్రభువైన మహబూబ్ అలీఖానునకు, నొకటి గోఖలేకు. పేరుగలవారికి పద్యము దొరకినది.

దీనిని కవయిత్రి హృదయకాఠిన్యమనుట తొందరపాటు. కరుణరసమునకు స్థాయి శోకము. అది నిలుచుట కాలంబనము వలయును. వాల్మీకిని గదల్చినది పక్షిసమూహము గాదు, ఒక్క క్రౌంచము. స్త్రీపర్వమున గాంధారి రణభూమినంతటిని జూచియు నందఱికి నొక్కమాటున నేడ్వదు. ఒక్కొక్క కళేబరముకడ నిలుచును. అభిమన్యునికడ నుత్తర, భూరిశ్రవునికడ నతని తెగిన చేతిని బట్టుకొన్న పత్ని - ఇట్లు నడచును గావుననే తిక్కన తెలుగున నా ఘట్టము నేటికిని గంట నీరు దెప్పించును. మఱి పేరులేని సైనికులకో? ధృతరాష్ట్రుడడుగగా ధర్మరాజు మృతుల సంఖ్య చెప్పును. దిక్కులేని పీనుగులకు దహనము చేయింపుమని విదురాదులను నియోగించును. అనగా వ్యాసుడు పేరుగలవారికి విలాపమును, లేనివారికి లెక్కను, అగ్నిని నొసగెను. రెండును మృతులకు జేయు మర్యాదలే. విదురుడు విలపింపలేదని యాతని నిందించినవారు లేరు.

సరోజినీదేవి 1908లో బూనినది విదురుని పని. అన్నము, వస్త్రము, ఆశ్రయము కూర్చువానికి ముఖములు వేలకొలది యెదురగును; ఏ యొక్కటియు నిలువదు. అయినను విదురన్యాయము పూర్తిగా సరిపోదు. విదురుడు కవి గాడు. ఆమె కవయిత్రి, అందును నగరమును బాడినది. తరువాతి నగరగీతములలో బజారుల రంగులు చెక్కుచెదరకుండుట లోపమే. ఆ గీతముల కాంతిలో నీటిజాడ లేకపోవుట వాని సౌందర్యమును బలుచన చేసినది. అమ్జద్ కావ్యమును ప్రక్కన బెట్టుకొని చదివిననే యీ వెలితి తెలియును.

పద్యమున గనరాని మర్యాద వేఱొకచోట గనబడుచున్నది. 1919లో జలియన్‌వాలాబాగున ప్రభుత్వము ప్రజలను గాల్చి చంపగా, వరదసేవకు వచ్చిన యా పతకమును ఆమె తిరిగి పంపివేసెను. మునిగినవారి నిమిత్తము లభించిన గౌరవమును, చంపినవారి చేతి బిరుదుగా నుంచుకొన నొల్లలేదని దీనికి వ్యాఖ్య చెప్పవచ్చును. అది ఆమె మాట గాదు. చదువరి తీయు నర్థమే. కాని ఆ సంపుటములు విప్పి మూసీ మృతులను వెదకువానికి నీ యర్థము త్రోసివేయదగినది గాదు.

అమ్జద్ కావ్యము నాంధ్రీకరింప బూనువారు ముందుగా పేరుకడనే యాగవలసియుండును. 'ప్రళయ' మన్న నొక్కని చావు స్ఫురింపదు. 'మరణ' మన్న నగరము స్ఫురింపదు. ఉర్దూపేరునే నిలిపి, పీఠికలో రెండర్థములను విప్పుట మేలు.