ఉసిరి చెట్టు లేని వనభోజనం

కార్తీకంలో షార్లెట్‌లో అమ్మాయి దగ్గరున్నాం. వనభోజనాలకి కొండకి వెళ్దాం నాన్నా అంది. నా మోకాళ్లు తలచుకుని నసిగాను. "చాలావరకు కారే తీసుకెళ్తుంది మామయ్యా, చుట్టూ తిరిగొచ్చినా నడక రెండు కిలోమీటర్ల చిల్లరే" అన్నాడు అల్లుడు.

ఆ కొండ పేరు మ్యాక్స్ ప్యాచ్. నార్త్ కరోలినా, టెనెసీ సరిహద్దులో ఉంది. ఎత్తు 4,629 అడుగులు. ఆఖర్న కంకర రోడ్డు, కడుపులో తిప్పే మలుపులు. కారు దిగి కాసేపు ఎక్కామో లేదో, చుట్టూ ఆకాశమే. నెత్తిన ఒక్క చెట్టు లేదు, అంతా గడ్డి. కోతకొచ్చిన వరిచేను రంగులో ఉంది. దూరంగా స్మోకీ పర్వతాలు, నీలం మీద నీలం పూసినట్టు. ఇలాంటి కొండల్ని అక్కడివాళ్లు బట్టతలలంటారట. జార్జియా నుంచి మెయిన్ దాకా సాగే అపలాచియన్ కాలిబాట ఈ బట్టతల మీదుగానే పోతుంది. గుర్తు వేయడానికి చెట్లు లేవు కనక కర్రలు పాతి వాటిమీద తెల్లరంగు పూశారు.

ఈ బట్టతల పుట్టుకతో వచ్చింది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో పశువుల మేత కోసం చెట్లు కొట్టేశారు. 1982లో కొండని అటవీశాఖ కొన్నది. పట్టించుకోకపోతే ముందు పొదలు లేస్తాయి, వెనకే అడవి వస్తుంది. అందుకని గడ్డి కోయిస్తుంటారు, అప్పుడప్పుడు పద్ధతి ప్రకారం తగలబెడతారు కూడా. నేను ప్రకృతి అనుకుని మురిసింది క్షవరాన్నన్నమాట! అయినా మురిపెం తగ్గలేదు.

2020 సెప్టెంబరులో ఒక్క రాత్రి ఇక్కడ వందకు పైగా డేరాలు వెలిశాయి. చెత్త పేరుకుంది, గడ్డి చచ్చింది. 2021 జులై నుంచి రాత్రి బస బంద్, నిప్పు బంద్, గుంపుకి పదిమందే, బాట దిగకూడదు. మేమేమో మూడు కుటుంబాలు, పదకొండు మందిమి! మనకి వనభోజనమంటే వీధంతా కదలాలి కదా. ఐదుగురు కిందే ఆగిపోయి, మేం దిగాక ఎక్కారు. అంత్యాక్షరికి జనం చాలలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

శిఖరం మీద నేల తేలినచోట దుప్పటి పరిచాం. పులిహోర చల్లారినా పోపులో ఇంగువ వాసన పోలేదు. దద్దోజనం వడ్డించేలోగా గాలి కొట్టింది, నా చేతిలో పేపరు ప్లేటు లేచిపోయింది. దాని వెనక మనవడు, వాడి వెనక నేను, గడ్డిలో పడి పరుగు. ప్లేటు దొరికింది. తిరిగి చూస్తే గడ్డి మీద మా అడుగులు బారుగా పడుకుని ఉన్నాయి. బాట దిగొద్దన్న బోర్డు కింద మనవడికి చదివి వినిపించింది నేనే.

మీరు వెళ్తే స్వెట్టరు మరవకండి. స్టీలు కంచాలే పట్టుకెళ్లండి. బరువే గానీ ఎగిరిపోవు.