ఆచూకీ లేని వైమానికుడు – స్మృతి రచనలో ఒక లోపం

యుద్ధంలో చనిపోయినవాడి మీద రాయడం ఒక పని. యుద్ధం నుంచి తిరిగి రానివాడి మీద రాయడం వేరే పని. మన స్మృతి గీతాలు, సంస్మరణ సంచికల్లో వచ్చే వ్యాసాలు ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తున్నాయి. బాంబరు విమానంతో పాటు జాడ లేకుండా పోయినవాడిని కూడా ‘నేలకొరిగాడు’ అంటాం, ‘వీరస్వర్గం అలంకరించాడు’ అంటాం. అతడు నేలకొరగడం ఎవరు చూశారు? సముద్రంలో పడ్డాడో, అడవిలో పడ్డాడో, శత్రువు చేతికి చిక్కాడో తెలియదు కనుకనే సైనిక కార్యాలయం అతడి పేరు పక్కన చనిపోయాడని రాయలేదు. కార్యాలయపు గుమాస్తా పాటించిన జాగ్రత్త కవి పాటించకపోవడం విడ్డూరం.

ఈ తేడా తెలుగు క్రియాపదంలోనే ఉంది. కొడుకు ఎంత దూరాన ఉన్నా ‘మావాడు కారం ఎక్కువ తింటాడు’ అంటుంది తల్లి. పోయాడని ఒప్పుకున్న తర్వాత ‘తినేవాడు’ అంటుంది. ‘తింటాడు’కీ ‘తినేవాడు’కీ మధ్య కొన్ని ఇళ్లలో నెలలు పడుతుంది, కొన్ని ఇళ్లలో ఒక జీవితకాలం పడుతుంది. ఆచూకీ లేనివాడి కథ అంతా ఆ మధ్యనే ఉంది. మన కవి మొదటి పాదంలోనే ‘ఉండేవాడు’ అని మొదలుపెట్టి, ఆ ఇల్లు ఇంకా చెప్పని మరణాన్ని తాను ప్రకటిస్తాడు. ఏడేళ్లు కబురు లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. 2024లో అమలులోకి వచ్చిన కొత్త చట్టమూ ఆ ఏడేళ్లనే ఉంచింది. చట్టానికి ఆస్తి పంపకం తేలాలి కాబట్టి గడువు కావాలి. కవికి ఏం తొందర? శవం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే ఆచారం మన పల్లెల్లో ఉంది. దాన్ని మూఢాచారమని కొట్టిపారేసేముందు అభ్యుదయ రచయిత ఒక్కటి గమనించాలి: ఆ బొమ్మను తగలబెట్టే రోజును నిర్ణయించుకునేది ఆ ఇల్లే. ఆ రోజు వరకు భార్య నుదుట బొట్టు ఉంటుంది, ఆ బొట్టును చూసి ఊరు గుసగుసలాడుతూనే ఉంటుంది. ఇంత కథావస్తువు కళ్లముందు ఉండగా మనవాళ్లు ఆకాశంలో నక్షత్రాలను వెతుకుతారు.

పాశ్చాత్యుల్లోనూ రెండు దారులున్నాయి. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసిన జాన్ పడ్నీ 1941లో రాసిన ‘ఫర్ జానీ’ పోయినవాడి కోసం కుమిలిపోవద్దని, మిగిలినవాళ్లను చూసుకోమని ఓదారుస్తుంది. 1945లో ‘ద వే టు ది స్టార్స్’ అనే సినిమాలోనూ దాన్ని వాడుకున్నారు. అదే ఏడాది అమెరికన్ కవి రాండల్ జారెల్ బాంబరు కడుపుకింద గాజుగోళంలో ముడుచుకుని కూర్చునే తుపాకీవాడి చావు మీద అయిదు పాదాలు రాశాడు. ఆ తుపాకీవాడికి పేరు లేదు, ఓదార్పు లేదు, రాజ్యం అతడిని ఎలా వాడుకుని ఎలా వదిలేసిందో అంతే ఉంది. పడ్నీ కవిత దుఃఖాన్ని సర్దుబాటు చేస్తుంది, జారెల్ కవిత దుఃఖానికి కారణం చూపుతుంది. మన స్మృతి రచయితలు చాలామంది తెలియకుండానే పడ్నీ శిష్యులు.

అయితే జారెల్ దగ్గరా ఆగిపోకూడదు. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. సమాధి లేని వైమానికుల పేర్లు 20 వేలకు పైగా ఇంగ్లండులోని రన్నీమీడ్ గోడలమీద ఉన్నాయి. ఆ విమానాలు 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్‌పై వేసిన బాంబులకు దాదాపు 25 వేలమంది కాలిపోయారు. బాంబరు సిబ్బందిని తలుచుకునేటప్పుడు కిందివాళ్లను మరిచిపోతే అది సగం జ్ఞాపకం. 2012లో లండన్ గ్రీన్ పార్కులో ఈ సిబ్బందికి కట్టిన స్మారకం మీద, బాంబుదాడుల్లో చనిపోయిన అన్ని దేశాల ప్రజలనూ స్మరిస్తూ ఒక వాక్యం చెక్కారు. ఆలస్యంగానైనా రాయి మీద ఎక్కింది.

తెలుగువాడు ఆ యుద్ధంలో ఎక్కువగా ఉన్నది బాంబరులో కాదు, బాంబు కింద. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డప్పుడు ఆ రేవులో బరువులు మోస్తున్నవాళ్లలో మన కోరంగీ కూలీలు వేలల్లో ఉన్నారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద పడ్డాయి. తర్వాత బెంగాల్ నుంచి లేచిన లిబరేటర్లు అదే రంగూన్‌ మీద మిత్రపక్షం బాంబులు వేశాయి. ఆ విమానాలతో పోయి సమాధి దొరకని వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ స్మారకంపై ఉన్నాయి. అరకాన్ కొండల దారిలో, అస్సాం దారిలో కాలినడకన వస్తూ కలరాకు, ఆకలికి పోయిన కూలీ పేరు చెక్కిన గోడ లేదు. వైమానికుడి తల్లికి తంతి వచ్చింది. కూలీ తల్లికి అదీ రాలేదు. ‘తింటాడు’ అనే మాట ఆ ఇంట్లో ఎన్నేళ్లు నడిచి ఉంటుందో ఊహించాలి.

అభ్యుదయ రచయితల సంఘం 1943 ఫిబ్రవరిలో తెనాలిలో పుట్టింది యుద్ధం మధ్యలోనే. సోవియట్ మీద హిట్లర్ దండెత్తిన తర్వాత ఫాసిజాన్ని ఓడించడం ముఖ్యమైంది, ఆ వైఖరి సరైనదే. కాని ఆనాటి రచనల్లో సమూహం కనిపించినంత స్పష్టంగా ఒక్క మనిషి కనిపించడు. స్టాలిన్‌గ్రాడ్ ఉంది, గుమ్మంలో కూర్చున్న ఒక తల్లి లేదు.

ఇది పాతబడ్డ సంగతి కాదు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరిన వైమానిక దళపు ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. అది బాంబరు కాదు, అది యుద్ధమూ కాదు, కాని అందులోని 29 మందిలో విశాఖ నౌకాదళ ఆయుధాగారంలో పనిచేసే 8 మంది సివిలియన్లు ఉన్నారు. శకలాలు 3,400 మీటర్ల లోతున కనిపించాయన్న ప్రకటన 2024 జనవరిలో వచ్చింది. చట్టం చెప్పిన ఏడేళ్లు అప్పటికే దాటాయి.

పశ్చిమ ప్రకాశం రచయితలకు ఈ వస్తువు దూరమైనదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం విమానాలు దిగడానికి దొనకొండలో రన్‌వే వేసింది. మార్కాపురం, కంభం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్లే మీటరుగేజి బండి ఆ రన్‌వే ఊరినీ, మార్కాపురాన్నీ, గిద్దలూరునూ కలిపేది. ఆ నేల చదును చేసిన కూలీలకు రోజుకూలి ఎంత ఇచ్చారు? ఆ రైలెక్కి పటాలంలో చేరినవాళ్లెవరు, తిరిగి దిగనివాళ్లెవరు? ఆ ఇళ్లలో ఇప్పుడున్నది మనవలూ మునిమనవలూ. వాళ్ల దగ్గరకు వెళ్లే విద్యార్థి ముందుగా అడగవలసింది తాత పతకాల గురించి కాదు. ఆయన సంగతి వచ్చినప్పుడు అవ్వ ఏ క్రియ వాడేదో అడగాలి.