పటం విప్పితే కథ నడుస్తుంది

యాదగిరిగుట్ట మీద నరసింహుడు ఒక్కడే. రూపాలు మాత్రం ఐదు: జ్వాల, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనరసింహుడు. కొండెక్కే భక్తులెవరికీ అది వింతగా తోచదు. గుట్ట నుంచి ఆలేరు, జనగామ దాటి చేర్యాలకు వెళ్తే, ఇదే తీరున ఆలోచించి బొమ్మ గీసే నకాషీ కళాకారులున్నారు. వాళ్లు గీసే పటం చుట్టగా చుట్టే పొడవాటి గుడ్డ. అందులో ఒకే వీరుడు పదే పదే కనిపిస్తాడు. పైన పుడతాడు, కింద పెళ్లాడతాడు, ఇంకా కింద యుద్ధంలో ఉంటాడు. కాలమంతా ఒకే గుడ్డ మీద పరుచుకుని ఉంటుంది.

ఫోన్ తెరను వేలితో జరుపుతూ చదివే కొరియా వెబ్‌టూన్లను ఇవాళ కొత్త కళ అంటున్నారు. కంప్యూటర్ తెర బొమ్మల కథకు అంతులేని కాన్వాసు అవుతుందని కామిక్స్ రచయిత స్కాట్ మెక్‌లౌడ్ 2000లో రాశాడు. హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి కథ చెప్పే 1625 నాటి పటం ఉంది. నిలువునా సాగే బొమ్మల కథ మనకు అప్పటికే ఉంది.

పటానికి ముందు ఖద్దరు గుడ్డను సిద్ధం చేస్తారు. గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతల మీద పూతలు పూసి ఆరబెడతారు. బొమ్మల వెనక అంతా ఎరుపు నింపుతారు. నాకు ఈ కళలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ ఎరుపే. అందులో ఆకాశం లేదు, నేల లేదు, పగలూ రాత్రీ లేవు. దేవుడైనా, రాక్షసుడైనా, కల్లుగీసే గౌడైనా ఆ ఎరుపులోనే నిలబడతారు. దూరంగా ఉన్నవాడు చిన్నగా కనిపించాలన్న నియమమూ లేదు. ఘట్టానికీ ఘట్టానికీ మధ్య పూలతీగల అంచు ఉంటుంది.

కథలూ అలాంటివే. నేతపని చేసే పద్మశాలీలకు వాళ్ల కుల కథకులు కూనపులివాళ్లు చెప్పే మార్కండేయ పురాణంలో భావనారుషి తామరతూడు నారతో దేవతలకు బట్ట నేస్తాడు, పులినెక్కి తిరుగుతాడు. మగ్గాలకు పేరుపడ్డ పోచంపల్లి యాదగిరిగుట్ట ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లాదే. ఇక్కడి నేతగాళ్లకు అది తమ పుట్టుక కథ. మాదిగలకు డక్కలివాళ్లు చెప్పే జాంబపురాణంలో భూమి ఏర్పడకముందే జాంబవుడు పుడతాడు. మరి ఎక్కడ నిలబడ్డాడు? ఈ ప్రశ్నకు జవాబుగా ఆ ఎరుపు రంగే చాలు.

బొమ్మ సగమే. మిగతా సగం కథకుడి చేతిలో, గొంతులో ఉంటుంది. చుట్టను కొంచెం కొంచెంగా విప్పుతూ, బొమ్మను కర్రతో చూపుతూ పాడతాడు. ఏ ఘట్టాన్ని సాగదీయాలో, దేన్ని దాటేయాలో ముందున్న జనాన్ని చూసి తేల్చుకుంటాడు. చదివేవాళ్లు దారి ఎంచుకునే కథలని ఎలక్ట్రానిక్ సాహిత్యం 1980ల నుంచి చెప్పుకుంటున్న సంగతికి ఇది దగ్గరి చుట్టమే. కాకపోతే ఇక్కడ దారి ఎంచేది ఒంటరి పాఠకుడు కాదు, వాడకట్టంతా.

చేర్యాల పటాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనేవాళ్లు పెరిగేకొద్దీ పొడుగాటి చుట్టలు తగ్గి, గోడకు తగిలించే ఒంటి ఘట్టాలు ఎక్కువయ్యాయి. కళాకారుల ఇల్లు గడుస్తుందంటే సంతోషమే. కానీ కథ తెగిపోయింది. ఫోన్ తెర ఆ పొడవును తిరిగి ఇవ్వగలదు. పటం ఫొటోలు ఎక్కించి ఊరుకుంటే మాత్రం చాలదు. ఒక్కో ఘట్టం మీద కూనపులి కథకుడు ఎంతసేపు ఆగాడో, ఏ రాగంలో పాడాడో, జనం ఎక్కడ మాట కలిపారో కూడా బొమ్మతోపాటు ఎక్కాలి. ఆ పని చేయగల తెలుగు యువ చిత్రకారులు, ప్రోగ్రామర్లు ముందుగా వెళ్లాల్సింది చేర్యాలకు, ఆ తర్వాత పటం విప్పే వాళ్ల ఇళ్లకు.