అన్వేషణయంత్రములును దెలుఁగువచనమును

అన్వేషణయంత్రము మెచ్చునట్లు వ్యాసము వ్రాయు టెట్లను ప్రశ్న యిటీవల మన దేశమున నొక విద్యగాఁ బరిణమించినది. హైదరాబాదునందు బల్కంపేటకు సమీపమున అమీర్‌పేటలో, మైత్రీవనమునకుఁ జుట్టుపట్ల నున్న సందులలో, సాఫ్ట్‌వేరు విద్యలతోపాటు దీనినిగూడ శుల్కము గొని నేర్పుచున్నారు. జిల్లాలనుండి వచ్చి వసతిగృహములలో నుండు యువకులు కొలఁది వారములలో దీని నభ్యసించి, మాటకింత యని వెలగట్టి వ్యాసములు వ్రాయఁబూనుచున్నారు. వచనరచన వృత్తి యగుట దోషము గాదు. మమ్మటుఁడు కావ్యప్రయోజనములలోఁ గీర్తి తరువాత నర్థమునే చెప్పెను. ఆ వ్యాసము లెట్లున్నవో మాత్రము విమర్శింపవలసి యున్నది. ఏలయన, నేఁడు తెలుఁగు చదువువారిలోఁ బెక్కుమంది యే విషయమునైనను మొదట నీ వ్యాసములయందే చదువుచున్నారు.

యంత్రము చేయు పని మూఁడంచెలది. మొదట నది లంకెలవెంటఁ దిరిగి పుటలను సేకరించును. పిమ్మట నే మాట యే పుటలో నున్నదో పదసూచిక కట్టును. తుదకు, అడిగినవాని ప్రశ్నకుఁ దగిన పుటలను వరుసఁ బెట్టును. మొదటి రెండును మన గ్రంథాలయముల పట్టికలకును, నిఘంటువుల యకారాదిక్రమమునకును జ్ఞాతులే. మూఁడవదియే క్రొత్తది. 1998వ సంవత్సరమున సెర్జీ బ్రిన్, లారీ పేజ్ అనువారు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునుండి ప్రకటించిన పద్ధతిలో, ఒక పుటను సూచించు లంకెల సంఖ్యయే కాక, ఆ సూచించు పుటల గౌరవముగూడ గణింపఁబడును. పలువురు వ్యాఖ్యాత లుదాహరించిన లక్షణకర్తను మనము ప్రమాణముగాఁ గొనుటయు నిట్టిదే. సామ్యము సరసమైనదే గాని, మన వ్యాఖ్యాత లెవ్వరును సొమ్ము గొని యుదాహరించినట్లు వినలేదు. లంకెల విషయమున నా వ్యాపారము త్వరలోనే మొదలైనది.

తొలినాఁటి యంత్రములు మాటల పౌనఃపున్యమునకు లొంగెడివి. కావున వ్రాయువారు ప్రధానపదమును వాక్యమున కొకమాఱు జొప్పించుట యలవాటు చేసికొనిరి. ఆలంకారికులు పునరుక్తి యని త్రోసివేసిన దోష మిక్కడ గుణమై కూర్చుండెను. పుట శిరోభాగమునఁ గంటఁబడకుండ దాఁచు ముఖ్యపదముల పట్టికను దమ గణనలోఁ గొనుట లేదని గూగుల్‌వారు 2009వ సంవత్సరముననే చెప్పిరి. 2011లోఁ బాండా యను మార్పుచే సారము తక్కువైన పుటలను వెనుకకు నెట్టిరి. 2022 ఆగస్టులో, యంత్రముకొఱకుఁ గాక మనుష్యులకొఱకు వ్రాసిన రచనలకే యాదరమని తెలిపిరి. 2024 మార్చిలో, మనుష్యుఁడు వ్రాసినను యంత్రము వ్రాసినను, వరుస కెక్కుటకే రాసులుగాఁ బోయు రచనలు నిషిద్ధములని ప్రకటించిరి. ఇన్ని జరిగినను బాఠములు చెప్పువారిలోఁ గొందఱు నేఁటికిని నూఱు మాటల కిన్నిమాఱులు ప్రధానపదము రావలెనని లెక్క గట్టుచునే యున్నారు. ఛందస్సులో యతిస్థానమునకైన నొక శ్రవణసౌఖ్యము ప్రయోజనము. ఈ లెక్కకు నట్టిదియు లేదు.

ఒక్క విషయమును గైకొని చూతము. బల్కంపేట యెల్లమ్మ మూర్తి నేలమట్టమునకు దిగువను బావిలో నున్నది. అచ్చటి నీటిని భక్తులు తీర్థముగా స్వీకరింతురు. ఆషాఢమాసమున మొదటి మంగళవారము కల్యాణము జరుగును. అడుగువాఁడు సాధారణముగాఁ గోరునది కల్యాణ మెన్నఁడను మాట. దీనిపై వ్రాయఁబడు వ్యాసముల తీరు పెక్కింట నొక్కటే. హైదరాబాదు చారిత్రకనగరమని మొదటి ఖండిక. తెలంగాణమున దేవాలయములు పెక్కు గలవని రెండవది. ఎల్లమ్మ మహిమాన్విత యని మూఁడవది. కల్యాణ మెప్పుడని మీరు వెదకుచున్నారా యని నాలవది. ఇంత చదివినపిదపఁ గాని తేది కానరాదు. కానవచ్చినను నమ్మరాదు. ఆ మంగళవారము 2023లో జూన్ 20. 2024లో జూలై 9. 2025లో జూలై 1. చాంద్రమానసంవత్సరము సౌరమానమునకంటె దాదాపు 11 దినములు తక్కువ యగుటచేఁ దేది వెనుకకు జరుగుచుండును. 2023లో నధికశ్రావణము వచ్చుటచే 2024లో ముందునకు దూఁకినది. ఈ సంగతి యెఱుఁగని లేఖకుఁడు శీర్షికలో సంవత్సరమును మాత్రము మార్చి, లోపలి తేదిని వెనుకటిదే యుంచును. యంత్రము క్రొత్తయేఁటి యంకెను జూచి పుట నూతనమని తలఁపవచ్చును. దూరమునుండి బోనముతో బయలుదేఱిన యామె మాత్రము కల్యాణము లేని దినమున వచ్చి నిలుచును. ప్రతియేఁట ఆషాఢమునఁ దొలి మంగళవారమను నొక్క వాక్యము మొదటి పంక్తియం దుండి, దాని క్రింద నా యేఁటి తేది యుండినచో, తేది పాతదైనను చదువరి మోసపోఁడు.

శాస్త్రగ్రంథారంభమున విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యను ననుబంధచతుష్టయమును జెప్పుట మనవారి సంప్రదాయము. అమీర్‌పేట పాఠములలో వెదకువాని యుద్దేశ మని నేర్పునది యీ యధికారిప్రయోజనముల విచారమే. ఒకఁడు కల్యాణతేదిని, మఱొకఁడు మెట్రోస్టేషనునుండి దారిని, వేఱొకఁడు గ్రామదేవతారాధనచరిత్రను గోరును. మువ్వురును దేవత పేరే చెప్పి యడుగుదురు. మువ్వురిని నొక్క పుటలోఁ దృప్తిపఱుపఁజూచుటయే చాల వ్యాసముల చేటు. కౌటిల్యుఁ డర్థశాస్త్రాంతమునఁ జెప్పిన 32 తంత్రయుక్తులలో నుద్దేశము సంగ్రహవాక్యము, నిర్దేశము విస్తరవాక్యము. సంగ్రహమును ముందుంచి విస్తరమును వెనుక నుంచినచోఁ దొందరగలవాఁడు మొదటితోఁ దృప్తిపడును, జిజ్ఞాసువు చివరవఱకుఁ జదువును. నేఁటి వ్యాసకర్త లాయెడను దలక్రిందులు చేయుచున్నారు. పాఠకుఁ డెంతసేపు నిలిచిన నంత లాభమను తలంపే దీనికిఁ గారణము. పుటలోని ప్రకటనలవలన వచ్చు సొమ్మునకు నీ యాలస్యమునకును సంబంధము లేకపోలేదు.

గూగుల్‌వారు తమ పరీక్షకుల కిచ్చు సూచనలలో నైపుణ్యము, ప్రామాణ్యము, విశ్వసనీయత యను మూఁటికి 2022 డిసెంబరున ననుభవమును జేర్చిరి. పరీక్షకుల తీర్పు ఏ పుట స్థానమును నేరుగా మార్పదు. యంత్రము సరిగాఁ బనిచేయుచున్నదా యని చూచుటకే యది యుపయోగించును. అయినను నీ చేర్పు మనకుఁ బరిచితమైనదే. వాత్స్యాయనుఁడు న్యాయభాష్యమున నాప్తుఁ డనఁగా నర్థమును సాక్షాత్కరించుకొని, యున్నదున్నట్లు చెప్పఁగోరువాఁడని నిర్వచించి, యీ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమే యనెను. బావిని జూడనివాఁడు అయిదు పుటలు చదివి యాఱవది కూర్చుట యాప్తవాక్యము గాదు. పై యయిదును నట్లే పుట్టినవైనచో మూలమున నేమున్నది? పైఁగా, వాక్యములు తామే యల్లు యంత్రములు తెలుఁగు నేర్చుకొనుటయు నిట్టి పుటలవలననే. పునరుక్తియు, అన్వయలోపమును నేఁడు కూలికి వ్రాసినవే యైనను, ఱేపటి యంత్రవచనమున కవి ప్రయోగములగును. పండితులు లెక్కింపవలసిన నష్ట మిదియే.

ఇఁక లిపివిషయము. దీనిని బాఠములలో నెవ్వరును దడవరు, ఏలయన నా సూత్రములన్నియు నాంగ్లమునకై పుట్టినవి. అమీర్‌పేట యను మాటలో రేఫమునకును బకారమునకును నడుమఁ గంటికిఁ గానరాని యొక చిహ్నమును యూనికోడునందుంచిరి. అది యున్నచో రేఫము పొల్లుగా నిలుచును. లేనిచో నమీర్పేట యని సంయుక్తాక్షరమగును. చదువరికి రెండు నొక్క యూరే. యంత్రమునకు వేర్వేఱు సంఖ్యాశ్రేణులు. సంధియు నట్టిదే. బల్కంపేట యెల్లమ్మ యని యడాగమముతో వ్రాసినచో అచ్చు పోయి యకారము వచ్చును. ఎల్లమ్మ యని వెదకువాని యక్షరములకును వీనికిని బొత్తు లేదు. ఇంగ్లీషులో విభక్త్యర్థకములైన చిన్నమాటలను సైతము గ్రహించుటకై గూగుల్‌వారు 2019లో బర్ట్ అను పద్ధతిని దెచ్చి, ఆ యేఁటి డిసెంబరున డెబ్బదికిఁ బైఁబడిన భాషలకు విస్తరించిరి, తెలుఁగును వానిలోనిదే. దీనిచే నెల్లమ్మకు, ఎల్లమ్మను, ఎల్లమ్మచే నను భేదములు కొంతవఱకుఁ దెలియవచ్చును. ఇట్టి సమన్వయమునకు వలసిన సాధనసంపద తెలుఁగునకు నాంగ్లమున కున్నంత లేదు. అందుచే, గ్రాంథికము వ్రాయువారును శీర్షికయందును, మొదటి వాక్యమునందును స్థలనామములను, దేవతానామములను విసంధిగా, జనులు వ్రాయు తీరున వ్రాయుట మేలు. దీర్ఘవచనమున సంధిని వాక్యాంతర్భాగములయందు నిలుపుకొనవచ్చును. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమును వెలయించునప్పటి కీ చిక్కు లేదు. వ్యాసము నడుమ నాంగ్లలిపిలోఁ బేరులు గ్రుమ్మరించి వెదకువారిఁ బట్టఁజూచుటకంటె, పల్కుబడిలోని రూపాంతరముల నొక్క వాక్యమునఁ దెలుఁగులిపియందే చెప్పుట యుచితము: బల్కంపేటను బలకంపేట యనియు వ్రాయువారు గలరని. నిఘంటుకారులు రూపాంతరముల నిచ్చుట కెన్నఁడో మరగినవారే.