విసురు వల పనితనం

దేవరాపల్లి దగ్గర శారదా నది మీద కట్టిన రైవాడ జలాశయం పొలాలతోపాటు విశాఖ నగరం దాహమూ తీరుస్తుంది. ఆదివారం స్నేహితులతో గాలాలేసుకు కూర్చోడానికీ బాగుంటుంది. బొచ్చె, శీలావతి చేపలు దొరికితే చాలదూ!

అయితే నా మెప్పు గాలానికి కాదు, విసురు వలకు. తాడు కొస మణికట్టుకు బిగించి, వలలో కొంత మోచేతి మీద వేసుకుని, మిగతాది రెండు చేతులకూ పంచుకుని, నడుము తిప్పి విసరాలి. భుజబలం ఒక్కటే ఉంటే వల ముద్దగా పడుతుంది. నడుము కదలిక కుదిరితేనే గొడుగులా విచ్చుకుంటుంది. అంచునున్న సీసపు గుళ్ళు ఒక్కసారే నీటిని తాకాలి, లేదంటే చేప పక్కనుంచి జారుకుంటుంది. వల అడుగుకు చేరేదాకా ఆగి, తాడు మెల్లగా లాగాలి. గుళ్ళు దగ్గరకొచ్చి అంచు మూసుకుంటుంది. తొందరపడితే అంతా పోయినట్టే.

సన్నకన్ను వలతో పిల్లచేపల్ని ఊడ్చేవాళ్ళను మాత్రం నేను మెచ్చుకోను. చేప కొనేవారు వేలెడంత పిల్లచేపల్ని కొనకండి.