చేతిగాలం నుంచి మేలురకం రీల్ దాకా

విశాఖకు దక్షిణాన, అనకాపల్లి జిల్లాలోని పూడిమడక గాలపు వేటకు పెట్టింది పేరు. 2025 జులైలో అక్కణ్ణుంచి వేటకెళ్లినవాళ్ల గాలానికి పెద్ద కొమ్ముకోనాం (మార్లిన్ చేప) పడింది. తాడు లాగుతున్న మనిషిని అది సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. అంత బరువైన చేప పరుగందుకున్నప్పుడు తాడు ఎంత వదలాలి, ఎక్కడ బిగించాలి అన్నది వేళ్లే తేల్చుకోవాలి. ఆలోచించే వ్యవధి ఉండదు. లక్షకు దగ్గరగా ధర పలికే జపాన్ రీల్ కొనేవాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. మనం డబ్బు పోసి కొనేది ఆ వేళ్ల పనినే. ఆ పని ఎంత బాగా చేస్తుందన్నదే రీల్ విలువ. మిగతా హంగులన్నీ ఆ తర్వాతే.

విశాఖలో రాడ్లు పట్టుకు తిరిగేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. పోర్టులోనో స్టీల్‌ప్లాంటులోనో షిఫ్టు దిగి, ఆదివారం తెల్లవారకముందే యారాడకో, తెన్నేటి పార్కు కింది బండలకో, భీమిలిలో గోస్తనీ కలిసే చోటికో బయల్దేరతారు. రెండు మూడు వేల సెట్టుతో మొదలై ఏడాది తిరక్కుండానే ఖరీదైన వాటి మీద మనసు పడుతుంది. అందులో తప్పేమీ లేదు. అయితే డబ్బు దేనికి పెట్టాలో తెలియాలంటే ముందు చేతిగాలం వేసేవాళ్ల పక్కన కాసేపు కూర్చోవాలి.

గాలం వేసే మనిషి చూపుడువేలు గమనించండి. సైకిల్ ట్యూబు కోసి చేసుకున్న రబ్బరు తొడుగు దానికి ఉంటుంది. తాడు ఆ వేలి కణుపు మీదుగా దిగుతుంది. సీసం గుండు అడుక్కి తగలగానే తాడు ఒక్క క్షణం సడలుతుంది. వెంటనే ఒక బార పైకి తీసి ఆపుతాడు. గుండు రాళ్లలో చిక్కుకోకుండా, ఎర అడుగుకు కాస్త పైన ఆడేలా. చిన్న చేప ఎరను కొరుకుతుంటే వేలికి గిలిగింత పెట్టినట్టు తెలుస్తుంది. దానికి చెయ్యి కదపడు. పెద్దది నోట కరుచుకుని తిరిగితే తాడు బరువెక్కుతుంది. అప్పుడు మోచేయి వెనక్కి వెళుతుంది. చేప పరుగెత్తితే తాడు అరచేతిలోంచి జారుతుంది, కానీ ఉచితంగా జారదు. ప్రతి బారకూ చేప తన సత్తువలో కొంత చెల్లించుకోవాల్సిందే. పైకి లాగిన తాడును పక్కవాడు చుట్టలుగా పేరుస్తుంటాడు. ఆ చుట్ట కాలికి తగులుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ తీరపు చేపల మీద మనవాళ్లకున్న ఎరుక పుస్తకాల్లోకీ ఎక్కింది. ఈస్టిండియా కంపెనీ కాలంలో ఇక్కడ ఉన్న వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో 1803లో లండన్‌లో గ్రంథం అచ్చువేయించాడు. కోనాం, వంజరం లాంటి పేర్లను ఇక్కడివాళ్లు పలికినట్టే అందులో రాసుకున్నాడు. ఆయనకు ఆ పేర్లు చెప్పిన జాలర్ల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తులేవు. అది నాకు ఇప్పటికీ లోటుగానే అనిపిస్తుంది.

తాడు మారడంతోనే పరికరాల కథ మారింది. ఒకప్పుడు నూలు, జనుము దారాలు. తడిస్తే కుళ్లేవి, రోజూ ఆరబెట్టుకోవాల్సి వచ్చేది. 1935లో అమెరికాలో నైలాన్ పుట్టాక ఆ బాధ తప్పింది. నైలాన్ దారం లాగితే ఐదో వంతుకు పైగా సాగుతుంది. చేప ఒక్కసారిగా ఊపితే ఆ సాగడమే తెగకుండా కాపాడేది. ఇప్పుడు వాడుతున్న బ్రెయిడ్, అంటే పాలిథిలీన్ పోగుల అల్లిక, దాదాపు సాగదు. సన్నగా ఉండి దూరం పడుతుంది, చేప ముట్టుకున్నా చేతికి తెలుస్తుంది. కానీ ఊపును తట్టుకునే మెత్తదనం దారంలో పోయింది. ఆ మెత్తదనం ఇక రాడ్ నుంచి, రీల్‌లోని డ్రాగ్ నుంచే రావాలి. బ్రెయిడ్ ఎక్కించి పాత నాసిరకం రీల్‌తోనే నెట్టుకొచ్చేవాళ్లకు పెద్ద చేపలు తప్పిపోయేది ఇందుకే.

డ్రాగ్ అంటే దారం చుట్టే స్పూల్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చిన పళ్లేలు. నాబ్ తిప్పితే అవి ఒత్తుకుని, దారం ఎంత బలానికి జారాలో నిర్ణయిస్తాయి. చవక వాటిలో ఫెల్ట్ ఉంటుంది, మేలురకం వాటిలో చాలావరకు కార్బన్ బట్ట. తేడా చూడాలంటే ఒక స్ప్రింగ్ త్రాసు చాలు. దారం రాడ్ రింగుల్లోంచి తీసి త్రాసు కొక్కేనికి కట్టండి. పీఈ 2 మందం బ్రెయిడ్ సుమారు 13 కిలోలు మోస్తుంది అనుకుంటే, దానిలో మూడో వంతుకు లోపు, నాలుగు కిలోల దగ్గర డ్రాగ్ పెట్టి, ఇంకొకర్ని త్రాసు పట్టుకుని నడవమనండి. నాసిరకం రీల్‌లో ముల్లు ముందు ఐదున్నరకో ఆరుకో ఎగిరి, తర్వాత నాలుగుకు పడి, మళ్లీ ఊగుతుంది. మంచి రీల్‌లో నాలుగు దగ్గరికి వచ్చి అక్కడే నిలుస్తుంది. చేప తెంపుకుపోయేది ఆ మొదటి ఎగురుడులోనే. పెట్టె మీద ‘పది బేరింగులు, పన్నెండు బేరింగులు’ అని రాసి ఉంటే దాన్ని చూసి మురిసిపోకండి. త్రాసు ముల్లు చెప్పేదే నమ్మండి.

ఇంకో లెక్క కూడా ఉంది. చేప దారం లాక్కుపోతున్నకొద్దీ స్పూల్ మీది చుట్టు చిన్నదవుతుంది, దాంతో లాగే బరువు పెరుగుతుంది. చుట్టు అడ్డుకొలత 50 మిల్లీమీటర్ల నుంచి 40కి తగ్గితే, నాలుగు కిలోల డ్రాగ్ ఐదు కిలోలవుతుంది. నాబ్ ఎవరూ ముట్టుకోకపోయినా సరే. కోనాం తీసే పరుగు ఎలాంటిదో తెలిసినవాళ్లు అందుకే కాస్త పెద్ద స్పూల్ ఉన్న రీల్ తీసుకుంటారు. సగం దారం పోయాక డ్రాగ్ కొంచెం సడలించడం అలవాటు చేసుకోవాలి. చేతిగాలం మనిషి దీన్ని లెక్క వేయడు, అరచేతి మంటతో తెలుసుకుంటాడు.

రాడ్ దగ్గరికి వస్తే నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. విశాఖ బండల మీద వేసేవాళ్లకు అన్నిటికంటే ఖరీదైన రాడ్ అక్కర్లేదు. కార్బన్ పోగు గట్టిదనం పెరిగేకొద్దీ రాడ్ తేలికవుతుంది, చురుకవుతుంది, పెళుసూ అవుతుంది. ఇక్కడి ఖొండలైటు రాళ్ల అంచుకు ఒక్కసారి తగిలి కంటికి కనపడని చీలిక పడితే, పెద్ద చేప పడ్డ రోజే అది ఫట్‌మంటుంది. తొమ్మిది పది అడుగుల మధ్యరకం కార్బన్ రాడ్ చాలు. మిగిలిన డబ్బు రింగుల మీద పెట్టండి. బ్రెయిడ్ చవక రింగులను కోసి గాడి పెడుతుంది, ఆ గాడి తిరిగి బ్రెయిడ్‌ను కోస్తుంది. నెలకోసారి రింగుల్లో దూదిపింజ తిప్పి చూడండి. పోగు పట్టుకుందంటే అక్కడ పగులున్నట్టే. చేప దగ్గరికి వచ్చాక రాడ్‌ను నిట్టనిలువుగా ఎత్తకూడదు. బరువంతా కొస మీద పడి ఎంతటి రాడ్ అయినా విరగొచ్చు. ఇంకొకటి, కార్బన్ కరెంటు పారే వస్తువు. వైశాఖ మాసపు మబ్బు ఉరమడం మొదలవగానే రాడ్ దించేసి బండలు దిగాలి.

బ్రెయిడ్ రాయికి తగిలితే ఇట్టే తెగుతుంది కాబట్టి చివర ఒకటి రెండు బారల ఫ్లోరోకార్బన్ ముక్క కడతారు. కోనాం కోసమైతే దాని పళ్లకు ఆగేలా కొసన ఉక్కు తీగ కూడా. బ్రెయిడ్‌నూ ఫ్లోరోకార్బన్‌నూ కలిపే ఎఫ్‌జీ ముడిలో, మందపు ఫ్లోరోకార్బన్ చుట్టూ బ్రెయిడ్‌ను అటొకటి ఇటొకటిగా ఇరవై దాకా అల్లి బిగిస్తారు. పల్చటి ముడి, రింగుల్లో తట్టుకోకుండా జారుతుంది. ఫోన్లో వీడియో పెట్టుకుని నేర్చుకునేవాళ్లకు వారాలు పడుతుంది. విశాఖ పెదజాలారిపేట ఒడ్డున వల బాగుచేసే చేతులకు ఒక్కసారి చూపితే చాలు. ఎక్కడ ఒత్తిడి సమంగా పడాలో ఆ వేళ్లకు ముందే తెలుసు. అడిగితే మీకూ చూపిస్తారు. ఊరికే చూపించుకోకుండా, వాళ్లు పట్టుకొచ్చిన పారో కోనామో అడిగిన ధరకు కొనుక్కోండి.

ఇక ఉప్పుగాలి. ఈ ఊళ్లో కిటికీ ఊచలకే తుప్పు ఆగదు, రీల్‌కు ఆగుతుందా? నీళ్లు చొరబడని సీళ్లకూ, తుప్పు పట్టని బేరింగులకూ ఇక్కడ పెట్టే రూపాయి వృథా కాదు. ఇంటికి రాగానే డ్రాగ్ బిగించి, సన్నటి మంచినీటి ధారతో పైపైన కడగాలి. బకెట్‌లో ముంచకూడదు, పంపు జోరుగా తిప్పకూడదు, ఉప్పు లోపలికి వెళుతుంది. తుడిచాక డ్రాగ్ పూర్తిగా సడలించి నీడలో పెట్టాలి. బిగించి వదిలేస్తే పళ్లేలు అతుక్కుపోతాయి. కొనేముందే విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో, విప్పి బాగుచేసేది ఎవరో దుకాణంలో అడగండి. దుకాణదారు నీళ్లు నమిలితే, రీల్ ఎంత గొప్పదైనా వదిలేయండి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర, మోటారు పడవల వేట ఆగిపోతుంది. పడవెక్కి గాలం వేసేవాళ్లకు రీల్ సర్వీసుకు ఇచ్చుకోవడానికి అదే అదను. ఆ రోజుల్లోనే బ్రెయిడ్ మొత్తం విప్పి, కొసలు మార్చి మళ్లీ చుట్టండి. ఏడాదంతా అడుగున పడి ఎండా రాయీ ఎరగని సగం పైకొస్తుంది, కొత్త దారం కొనే ఖర్చు ఇంకో ఏడాది వాయిదా పడుతుంది.